కాలేజీలో అథ్లెట్‌గా పేరు తెచ్చుకున్న మా అన్నను సంవత్సరీకం నాటికి ఎలా గుర్తుచేసుకుంటే బాగుంటుంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. చిత్తూరులో ఉండే మీ అన్న పోయి కొన్ని నెలలైంది. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ తరఫున పరిగెత్తిన మనిషి. ఆ తర్వాత ఇల్లు, దేవుడు, కొండా అడవీ తప్ప వేరే లోకం లేదు. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయాలని మీకుంది. టోర్నమెంట్ పెట్టాలని మీ తమ్ముడంటున్నాడు. నాలుగు సెంటర్లలో ఫ్లెక్సీలు కట్టి అన్నదానం చేస్తే చాలదా అని పెద్దవాళ్ళు అంటున్నారు. మా మేనమామ పోయినప్పుడు తిరుపతిలో మా ఇంట్లో కూడా సరిగ్గా ఈ మూడు మాటలే వచ్చాయి, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పతకాల చుట్టూ ఏదీ కట్టకండి. ఆయన పక్కన పరిగెత్తినవాళ్ళు, కొండెక్కినవాళ్ళు, ఆయనతో విసిగినవాళ్ళు ఇంకా ఉన్నారు కదా, వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆయన ఏం చేసేవాడో అడిగి రాసుకోండి. ఎలాంటివాడు అని అడిగితే అందరూ 'మంచివాడు' అంటారు, అక్కడితో అయిపోతుంది. ఏం చేసేవాడు అని అడగాలి.

మా మామది పాకాల దగ్గర పల్లె. 1980ల మొదట్లో తిరుపతి వచ్చి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో బీకాం చేరాడు. ఆయన పందెం 1500 మీటర్లు. 400 మీటర్ల ట్రాక్ మీద అది మూడు ముప్పావు రౌండ్లు. అప్పుడంతా మట్టి ట్రాకే, పొద్దున్నే సున్నంతో గీతలు గీసుకోవాలి. స్పైక్ షూస్ ఒక జత ఉంటే ఇద్దరు ముగ్గురు మార్చుకొని వేసుకునేవాళ్ళట. ఇంటర్ కాలేజియేట్‌లో గెలిచి, యూనివర్సిటీ తరఫున బయటి రాష్ట్రానికి వెళ్ళొచ్చి, ఆ సర్టిఫికెట్లతో స్పోర్ట్స్ కోటాలో ఆర్టీసీలో చేరాడు. మాకు తెలిసిన ఆటల చరిత్ర ఇంతే. ఇంట్లో ఎవరు ఏ పని మధ్యలో వదిలేస్తున్నా ఆయన ఒకటే మాట అనేవాడు: 'మొదటి రౌండు ఎవడైనా పరిగెత్తుతాడు, మూడో రౌండులో చూడాలి.' పదో తరగతి పరీక్షలకూ అదే మాట, మా అక్క పెళ్ళి పనులకూ అదే మాట. చిన్నప్పుడు మాకు విసుగొచ్చేది.

పోయాక అత్త బీరువా తెరిచి ఆయన సర్టిఫికెట్ల ఫైలు ఇచ్చింది. కొన్ని ల్యామినేషన్‌లో ఉబ్బిపోయి అక్షరాలు కనపడటం లేదు. పతకాలకు పూత పోయింది. ఏది ఏ సంవత్సరందో, ఏ పందెందో చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. ఒక గ్రూప్ ఫోటో మాత్రం బాగుంది, వెనకాల పెన్సిల్‌తో పేర్లు రాసి ఉన్నాయి. ఆ పేర్లు పట్టుకొని ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేస్తే చివరికి అప్పటి పీడీ సార్, అంటే కాలేజీలో ఆటలు నేర్పిన ఆయన, దొరికారు. బాగా పెద్దాయన, చెవులు సరిగా వినపడవు, కానీ ట్రాక్ గురించి అడగ్గానే మనిషి నిటారుగా కూర్చున్నారు.

'మీ మామ గెలిచినవి నాకు గుర్తులేదు నాయనా, ఓడిపోయిన పందెం గుర్తుంది' అన్నారు. బయటి రాష్ట్రంలో జరిగిన ఆ మీట్‌లో మామ మొదటి రౌండు అందరికంటే ముందు పరిగెత్తాడట. పెద్ద స్టేడియం, జనం అరుస్తున్నారు, కుర్రతనం. రెండో రౌండులోనూ ముందే ఉన్నాడు. మూడో రౌండులో కాళ్ళు ఆగిపోయాయి, వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోయారు. చివర్లో నడిచినట్టుగా గీత దాటి, సార్ ఎదురుగా నిలబడి 'మూడో రౌండు తెలియలేదు సార్' అన్నాడట. ఆ రాత్రి తిండి తినలేదు. తెల్లారి రైల్లో మాత్రం అందరి ఇడ్లీలూ ఈయనే తినేశాడని సార్ నవ్వారు.

ఇన్నేళ్ళూ గెలిచినవాడి గొప్పలు అనుకొని మేం విన్న మాట ఓడిపోయిన పందెంలోంచి వచ్చింది. అత్తకు కూడా తెలియదు. మీరు వెతకాల్సింది ఇలాంటిదే. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన మాట ఒకటి మీ అన్నకూ ఉండే ఉంటుంది. అదెక్కడ పుట్టిందో బయటివాళ్ళకు తెలిసి ఉంటుంది. మీ అన్న పీడీ సార్ ఉంటే పుస్తకం, టోర్నమెంట్ పక్కన పెట్టి ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి. ఫోన్లో రికార్డు చేసుకోండి. రాసుకుంటూ కూర్చుంటే వాళ్ళు జాగ్రత్తగా, పద్ధతిగా మాట్లాడటం మొదలుపెడతారు, అప్పుడు ఇడ్లీల సంగతి బయటికి రాదు.

ఇక భక్తి. దైవభక్తుడు అని ఒక్క మాట రాసి వదిలేస్తే తిరుపతిలో ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ అందరూ భక్తులే. మామది ఆర్టీసీ ఉద్యోగం, జేబులో పాసు ఉంది, ఘాట్ బస్సులో కూర్చుంటే గంటలోపు తిరుమల కొండ మీదుంటాడు. అయినా శనివారం డ్యూటీ లేకపోతే తెల్లవారుజామున అలిపిరి నుంచి నడిచే వెళ్ళేవాడు. 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. తెలిసినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు, గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, అక్కడ చాలామందికి సగం ప్రాణం పోతుంది. ఆ తర్వాత చాలా దూరం చదునుగా, జింకల పార్కు పక్కన హాయిగా సాగుతుంది. కష్టమంతా అయిపోయిందనుకునే సమయానికి మళ్ళీ నిటారు మెట్లతో మోకాలిమెట్టు వస్తుంది. మామ లెక్కలో అదే మూడో రౌండు.

ఆయనతో ఎక్కినవాళ్ళందరూ చెప్పిన సంగతి ఒకటుంది. పక్కవాళ్ళ చేత గోవింద నామాలు పైకి చెప్పించేవాడు. మేం అది భక్తి అనుకున్నాం, భక్తే, కాదనను. కానీ పీడీ సార్‌తో ఈ మాట అంటే ఆయన వెంటనే పట్టేశారు. పరిగెత్తేటప్పుడు పక్కవాడితో మాట్లాడగలిగితే ఆ వేగం చాలాసేపు నిలుస్తుందని, మాట ఆగిపోతే దమ్ముకు మించి పోతున్నట్టని ఆయనే గ్రౌండులో నేర్పారట. మామ దాన్ని మెట్ల మీదికి తెచ్చాడు. 'గోవిందా అనలేకపోతున్నావంటే వేగం ఎక్కువైంది, తగ్గించు' అనేవాడు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మను కూడా అట్లాగే మెల్లగా పైకి తీసుకుపోయాడు. ఆటా భక్తీ ఆయనలో వేరువేరుగా లేవని మాకు అప్పుడు తెలిసింది. పుస్తకంలో ఆటగాడిగా ఒక అధ్యాయం, భక్తుడిగా ఒక అధ్యాయం, కుటుంబీకుడిగా ఒక అధ్యాయం అని విడగొడదామనుకున్న మా బావ ఈ సంగతి విన్నాక ఆ ఆలోచన మానేశాడు. మీరూ విడగొట్టకండి.

పైకి వెళ్ళి ప్రతిసారీ దర్శనం చేసుకునేవాడు కూడా కాదు. రద్దీగా ఉంటే గుడి ఎదురుగా ఉన్న అఖిలాండం దగ్గర కర్పూరం వెలిగించి, గోపురానికి దణ్ణం పెట్టి తిరిగొచ్చేసేవాడు. 'ఎక్కడెక్కడి నుంచో వచ్చినోళ్ళు ఉన్నారు, మనం ఇక్కడే కదా ఉండేది' అని ఆయన సమాధానం. పెరటాసి (తమిళుల పురటాసి) నెల మాత్రం వేరు. మా చిత్తూరు వైపు సంగతి మీకు తెలుసు, ఆ నెలంతా ఇంట్లో నీచు ఉండదు, శనివారాలు తళిగ వేయాలి, అంటే వెంకటేశ్వరస్వామికి నైవేద్యం వడ్డించాలి. పిల్లలకు నామం పెట్టి, చెంబు చేతికిచ్చి 'గోవిందా' అని వీధిలో బియ్యం అడగడానికి పంపేవాడు. టౌన్‌లో అపార్ట్‌మెంటుకు మారాక కూడా మానలేదు. లిఫ్టులో పిల్లలు గోవిందా గోవిందా అని అరుచుకుంటూ పోతుంటే వాచ్‌మన్ కంగారుపడ్డాడని అత్త ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

అత్త చెప్పినవాటిలో నవ్వేవి మాత్రమే లేవు. శనివారం కొండ, ఆదివారం అడవి. 'పెళ్ళయిన కొత్తలో ఆదివారం సినిమాకు పోదామంటే తలకోన తీసుకుపోయాడు, కొత్త చీర ముళ్ళకు చినిగింది' అంది. చుట్టాల ఇళ్ళలో ఫంక్షన్లకు ఈమె ఒక్కతే వెళ్ళి సమాధానాలు చెప్పుకున్న సందర్భాలు చాలా ఉన్నాయట. ఇవి రాయాలా వద్దా అని మాలో మాకు వాదన. అత్తే తేల్చేసింది: 'ఇవి రాయకపోతే అది మీ మామ కాదు, ఎవరో సాములోరు అవుతాడు.' రాశాం. ఆ పేజీలోనే అత్త చెప్పిన ఇంకో సంగతీ ఉంది. ఆదివారం రాత్రి అడవి నుంచి ఎంత అలసిపోయి వచ్చినా, వారానికి సరిపడా పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేసి మడతపెట్టి కానీ పడుకునేవాడు కాదు. పిల్లలు కాలేజీకి పోయి యూనిఫాంలు లేకుండా అయ్యాక అత్త చీరలు తీసుకున్నాడట.

అడవి సంగతి మీ అన్న విషయంలోనూ ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మామ కొండలెక్కి సెల్ఫీలు దిగే రకం కాదు. శేషాచలం ఆయనకు పేర్లతో తెలుసు. తలకోనలో 270 అడుగుల జలపాతం చూడటానికి అందరూ పోతారు, ఆయన మమ్మల్ని దారిలోనే ఆపి గిల్లతీగ చూపించేవాడు. చెట్టు నుంచి చెట్టుకు పాకి, మనిషి నడుమంత లావున ఉంటుంది. బెట్లుడుత (పెద్ద అడవి ఉడుత) గూడు ఎక్కడుందో తలెత్తకుండానే చెప్పేవాడు. ఎర్రచందనం ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప లోకంలో మరెక్కడా తనంతట తాను ఇంతగా పెరగదని, నరికిన మొద్దు కనిపిస్తే కాసేపు మాట్లాడేవాడు కాదు. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించినప్పుడు ఆ పేపర్ కటింగ్ దాచుకున్నాడు. పతకాల ఫైలులోనే అదీ దొరికింది. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి అంటే ఆయనకు ఇంట్లో పండగ కంటే ఎక్కువ. పాపవినాశనం వైపు నుంచి రాళ్ళ దారిలో దిగి, ఆ ఇరుకు లోయలో చల్లటి నీళ్ళలో మునిగి, నాతో సహా చుట్టాల పిల్లలందరినీ ముంచి తీసుకొచ్చేవాడు.

ఆయనకు తెలిసిన ఫారెస్ట్ వాచర్ ఒకాయన ఉన్నాడు, నేరబైలు వైపు మనిషి. ఆయన్ను కలవడానికి నేను, మామ కొడుకు వెళ్ళాం. మామ ఎప్పుడు అడవికి వెళ్ళినా ఆయన కోసం రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి కట్టించుకొని పోయేవాడట. తిరిగొచ్చేటప్పుడు అదే సంచిలో దారిలో పడేసిన ప్లాస్టిక్ సీసాలు ఏరుకొచ్చేవాడట. మేం గంటసేపు ప్రశ్నలడిగాక ఆయన 'మీ మామ అడవిలో ఇంత మాట్లాడేవాడు కాదు సామీ' అన్నాడు. ఆ ఒక్క వాక్యం పుస్తకంలో వేశాం, ఎవరన్నారో పేరుతో సహా.

మీరు అడగలేదు కానీ మీకూ ఎదురయ్యే విషయం ఒకటుంది. ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు కొండ ఎక్కకూడదని మన వైపు చాలా ఇళ్ళలో పాటిస్తారు. శనివారం శనివారం కొండకు పోయిన మనిషి పోతే, ఆయన కొడుకే ఆ కొండకు పోకూడదు. మామ కొడుక్కి ఇది మింగుడు పడలేదు. ఎవరు ఎన్నాళ్ళు ఆగాలన్నది ఇంటింటికీ మారుతుంది, మీ పురోహితుణ్ణి అడగండి, నేను తీర్పు చెప్పను. మా ఇంట్లో ఏం చేశామంటే, నేను చెల్లెలి కొడుకుని, వేరే గోత్రం, నాకు అడ్డం లేదు కాబట్టి వీలైన శనివారాల్లో నేను నడిచాను. వాడు అదే టైముకు గ్రౌండుకు పోయి పరిగెత్తాడు. అప్పటిదాకా వాడు పరిగెత్తిన మొహం కాదు. మా ఇంట్లో ఆయన జ్ఞాపకార్థం జరిగినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, దీనికి ఖర్చూ లేదు, ఫ్లెక్సీ కూడా లేదు. నడిచి వెళ్ళే పని పెట్టుకుంటే ఒక మాట. 2023లో నడకదారిలో చిరుత ఘటన తర్వాత చిన్నపిల్లలతో వెళ్ళడానికి వేళల ఆంక్షలు పెట్టారు, గుంపులుగా పొమ్మన్నారు. ఇవి మారుతుంటాయి. పిల్లల్ని తీసుకెళ్ళేముందు ఆ వారం ఏముందో కనుక్కోండి.

పుస్తకం గురించి. 'స్నేహశీలి', 'మృదుస్వభావి', 'నిగర్వి', 'అందరికీ ఆప్తుడు' అన్న మాటలు చుట్టాలు రాసిచ్చిన ప్రతి కాగితంలో ఉన్నాయి. ఎవరి పేరు పెట్టినా అతికే మాటలు ఇవి. అవన్నీ తీసేసి, రాసినవాళ్ళకే ఫోన్ చేసి 'మీకోసం ఆయన చేసిన పని ఒకటి చెప్పండి' అన్నాం. 'ఆపదలో ఆదుకునేవాడు' అని రాసిన పెదనాన్న అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆయనకు ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రి వరండాలో నడక మొదలుపెట్టించింది మామేనట. స్తంభం నుంచి స్తంభానికి దూరం అడుగులతో కొలిచి, రోజుకో స్తంభం పెంచాడట. చూడండి, ఎంత తేడానో. కొంతమంది నొచ్చుకున్నారు, తమ కవిత వేయలేదని ఒకాయన ఇప్పటికీ మాట్లాడటం లేదు. భరించాలి. జబ్బు గురించి మాత్రం రెండు లైన్లకు మించి రాయలేదు. అన్నేళ్ళు నడిచిన మనిషికి జబ్బేంటి అని పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ అన్నారు, అత్త విని విని ఉంది.

టోర్నమెంట్ సంగతి. మొదట క్రికెట్ అన్నారు, తర్వాత కబడ్డీ అన్నారు. మామ ఆడినవి ఆ రెండూ కాదు కదా అని అత్త అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. చివరికి వాళ్ళ పల్లె హైస్కూల్ గ్రౌండులో పిల్లలకు పరుగు పందెం పెట్టాం. చిన్నవాళ్ళకు 400, పెద్దవాళ్ళకు మగపిల్లలకూ ఆడపిల్లలకూ విడివిడిగా 1500. మీరు ఇదే చేస్తే నా నుంచి తీసుకోవాల్సింది ఒకటే: రౌండ్లు లెక్కపెట్టే మనుషుల్ని ముందే పెట్టుకోండి. పల్లె గ్రౌండులో 400 మీటర్ల ట్రాక్ రాదు. అక్కడి ఆటల టీచరు, పీఈటీ సార్, 200 మీటర్లు గీశారు. అంటే 1500కు ఏడున్నర రౌండ్లు. నాలుగో రౌండు దాటాక ముందువాళ్ళు వెనకవాళ్ళను చుట్టేసి, ఎవరు ఎన్నో రౌండులో ఉన్నారో తెలియక తల్లిదండ్రులు గొడవ మొదలుపెట్టారు. ఇద్దరేసి పిల్లలకు ఒక లెక్కపెట్టేవాణ్ణి కూర్చోబెట్టాక కానీ తర్వాతి పందెం సాగలేదు. గెలిచినవాళ్ళకు కప్పులు వద్దని రన్నింగ్ షూస్ ఇచ్చాం, సైజు చూసి తర్వాత కొనిచ్చేట్టు. పూర్తి చేసిన అందరికీ మజ్జిగ, వేరుశనగ చిక్కీ. ఫ్లెక్సీ ఒకటే, గ్రౌండు గేటు దగ్గర, అందులో నాయకుల ఫోటోలు లేవు. దీనికి కూడా ఒక పంచాయితీ జరిగింది, అది వదిలేద్దాం.

పందేన్నీ సంవత్సరీకాన్నీ ఒకే రోజు పెట్టకండి. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, ఇంగ్లీషు తేదీకంటే పది పదకొండు రోజులు ముందే రావొచ్చు, మధ్యలో అధికమాసం పడితే ఆలస్యంగా వస్తుంది. ఆ రోజు ఇంట్లో ఆబ్దికం, భోక్తలు, వంటలు, ఎవరికీ గ్రౌండుకు వచ్చే తీరిక ఉండదు. తిథి ఇప్పుడే కనుక్కొని ప్రెస్సువాళ్ళకు నెల ముందు మ్యాటర్ ఇచ్చేయండి, ప్రూఫులు ఇంట్లో ఇద్దరు చదవాలి. పరుగు మాత్రం పరీక్షలు, ఎండలు రాకముందు, సంక్రాంతి సెలవుల్లో పెట్టుకోండి. బయటి ఊళ్ళలో ఉన్న ఆయన పాత టీమ్‌వాళ్ళు పండక్కి ఇళ్ళకు వచ్చి ఉంటారు, స్టార్టింగ్ విజిల్ వాళ్ళ చేతికే ఇవ్వండి.